మెదడు పరిశోధన, ప్రజల డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేశానని తెలియగానే బంధువులు మొదట అడిగేది "అంటే మెదడు డాక్టరువా?" అని. కాదని చెప్పాక రెండో ప్రశ్న "మరి దానివల్ల ఏంటి లాభం?" మూడోది "డబ్బులెవరిస్తారు?" పెళ్లి భోజనాల దగ్గరా, రైళ్లలోనూ, వాట్సాప్‌లోనూ ఇన్నేళ్లుగా పోగైన ప్రశ్నలకు ఇక్కడ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను.

ఈమధ్య మెదడు గురించి నిజంగా చెప్పుకోదగ్గ కొత్త సంగతి ఏంటి?

ఒక్కటే చెప్పమంటే ఈగ సంగతి చెబుతాను. మగ్గిన అరటిపళ్ల చుట్టూ ముసురుతుందే, ఆ చిన్న ఈగ. దాని మెదడు గసగసాల గింజంత ఉంటుంది. అందులోని 1,39,255 న్యూరాన్లనూ (కబుర్లు మోసే మెదడు కణాలు), ఒక న్యూరాన్ ఇంకోదానికి కబురు అందించే 5 కోట్లకు పైగా సినాప్స్‌లనూ పటం గీసి 2024 అక్టోబరులో ప్రచురించారు. నడిచే, ఎగిరే, జత కోసం పాట పాడే ఒక ఎదిగిన జీవి మెదడుకు పూర్తి పటం దొరకడం అదే మొదటిసారి. అంతకుముందు 1986లో ఒక నులిపురుగుకి గీశారు. దానికి ఉన్నవి 302 న్యూరాన్లే.

ఈగ మెదడును ముందు గట్టి జిగురులో బిగించి, ఏడు వేల చిల్లర పొరలుగా కోశారు. ఒక్కో పొర మందం 40 నానోమీటర్లు. అంటే తల వెంట్రుక మందంలో రెండు వేల పొరలు పడతాయి. వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి 2.1 కోట్ల ఫొటోలు తీశారు. ఈ పొరలో కనిపించే న్యూరాన్ తీగ కింది పొరలో ఏ తీగకి కొనసాగింపో కంప్యూటరు పోల్చుకుంటూ పోయింది. అది పొరబడిన చోటల్లా మనుషులు కూర్చుని దిద్దారు. ఆ దిద్దుబాటు ఒక్కరే చేసుంటే 33 ఏళ్లు పట్టేదని లెక్క. దిద్దినవాళ్లలో శాస్త్రవేత్తలే కాదు, కంప్యూటర్ గేములాడే అలవాటున్న మామూలు జనం కూడా ఉన్నారు.

ఆర్నెల్లకు, 2025 ఏప్రిల్‌లో, ఎలుక మెదడులో ఇసుక రేణువంత ముక్కకు పటం వచ్చింది. ఒక్క ఘన మిల్లీమీటరులో 2 లక్షల కణాలు, 52 కోట్ల సినాప్స్‌లు. కోయకముందు ఆ ఎలుకకు సినిమా క్లిప్పులు చూపించి, ఏ బొమ్మకి ఏ న్యూరాన్ స్పందించిందో రాసుకున్నారు. కాబట్టి తీగల పటమూ ఉంది, ఆ తీగలు ఏం పని చేస్తాయో కూడా ఉంది. ఆ ముక్కను సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వంతులేసుకుని 12 పగళ్లు, 12 రాత్రులు ఆపకుండా కోశారు. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1979లో, సరిగ్గా ఇలాంటి ఘన మిల్లీమీటరు పటాన్నే "కోరుకుని లాభంలేని" వాటి జాబితాలో వేశాడు.

మన మెదడులో 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. అక్కడికి ఎప్పుడు చేరతామని మాత్రం అడక్కండి.

మనం మెదడులో పది శాతమే వాడతామంటారు, నిజమేనా?

కాదు. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు, ఒంటికి అందే శక్తిలో 20 శాతం తినేస్తుంది. పనిచేయని 90 శాతాన్ని ఇంత ఖర్చు పెట్టి ఏ శరీరమూ పోషించదు.

ఈగలకీ ఎలుకలకీ మా పన్ను డబ్బు ఎందుకు? మనుషుల జబ్బుల మీద పెట్టొచ్చుగా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. డబ్బు వాళ్లది. అమెరికాలో ప్రాక్స్‌మైర్ అనే సెనేటర్ 1975 నుంచి పదమూడేళ్ల పాటు నెలనెలా, ప్రజాధనం దుబారా చేశారంటూ ఎవరో ఒకరికి ఒక వెక్కిరింపు అవార్డు ఇచ్చేవాడు. వాటిలో పరిశోధనలు చాలానే ఉండేవి. దానికి జవాబుగా 2012లో ఇంకో అవార్డు పెట్టారు. వినడానికి వింతగా ఉండి, తర్వాత జనానికి పనికొచ్చిన పరిశోధనలకు అది ఇస్తారు. దాని పేరులో ఉన్నది మనమూ కథలో చెప్పుకునే బంగారు గుడ్డు పెట్టే బాతే.

2014లో ఆ అవార్డు ఎలుక పిల్లల మీద జరిగిన పనికి వచ్చింది. డ్యూక్ యూనివర్సిటీలో సాల్ షాన్‌బర్గ్ అనే ఆయన, తల్లి నుంచి వేరు చేసిన ఎలుక పిల్లల్లో ఎదుగుదల ఎందుకు ఆగిపోతోందో చూస్తున్నాడు. పాలు లేక కాదు, తల్లి నాకడం లేక అని తేలింది. తడి బ్రష్షుతో నాకినట్టు గట్టిగా రుద్దితే మళ్లీ ఎదిగేవి. ఇది చూసి టిఫనీ ఫీల్డ్ అనే ఆవిడ నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజూ మూడుసార్లు ఒళ్లు మర్దన చేయించింది. అప్పట్లో అలాంటి పిల్లల్ని అసలు తాకొద్దనేవారు. 1986లో వచ్చిన ఫలితం: మర్దన చేసిన పిల్లలు మిగతావాళ్లకన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగి, ఆరు రోజుల ముందే ఇళ్లకు వెళ్లిపోయారు.

"ఇది చెప్పడానికి ఎలుకలెందుకురా, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి లాలపోసే నన్నడిగితే చెప్పనూ?" అంది మా అమ్మమ్మ. న్యాయమే. కాకపోతే, కిలోన్నర బరువుతో పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డను ముట్టుకోవడానికి ఏ నర్సూ అమ్మమ్మ మాట మీద ఒప్పుకోదు. ఎంత ఒత్తిడి, ఎంతసేపు, లోపల ఏం జరుగుతుంది అని ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి.

మా నాన్నగారికి పార్కిన్సన్స్. దూలగొండి గింజల పొడి వేస్తూ మందులు మానేయొచ్చా?

మానేయొద్దు. అయితే మీ ప్రశ్న వెనక మంచి కథ ఉంది.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే న్యూరాన్లు చనిపోతుంటాయి. డోపమైన్‌ను నేరుగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి పోదు. దాని ముడిసరుకైన ఎల్-డోపా పోతుంది. దూలగొండి గింజల్లో ఈ ఎల్-డోపా ఉందన్నది నిజం. దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు 1937లోనే ఆ గింజల్లోంచి దాన్ని వేరుచేసి చూపించారు. అప్పటికి అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక సర్పగంధి. మన దగ్గర తరతరాలుగా వాడుతున్న ఆ వేరులోంచి రెసర్పిన్ అనే మందు తీశారు. బీపీ తగ్గించేది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ రెసర్పిన్‌ను కుందేళ్లకిస్తే అవి చెవులు వాల్చేసి, కదలకుండా బొమ్మల్లా ఉండిపోయాయి. తర్వాత ఎల్-డోపా సూది వేశాడు. కాసేపట్లో చెవులు లేచాయి, కుందేళ్లు తిరగడం మొదలుపెట్టాయి. అది 1957. మెదడుకు డోపమైన్ ఎందుకో, అది తగ్గితే మనిషి ఎందుకు బిగుసుకుపోతాడో ఆ కుందేళ్ల వల్లే అర్థమైంది. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. రెసర్పిన్ మీద పని ఆయన నేర్చుకున్నది అమెరికా ప్రభుత్వం నడిపే వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లోని ఒక ల్యాబులో, కొన్ని నెలలు ఉండి. మొక్కలు రెండూ మనవే, కుందేళ్లు మాత్రం స్వీడన్‌వి.

పొడి విషయానికొస్తే, ఏ గింజలో ఎంత ఎల్-డోపా ఉందో చెప్పలేం. డాక్టరు రాసే మాత్రలో కార్బిడోపా కూడా కలిసి ఉంటుంది. ఎల్-డోపా దారిలోనే ఖర్చైపోకుండా మెదడు దాకా చేర్చేది అదే. పొడిలో అది ఉండదు. మాత్రలు వేసుకుంటూనే పైన పొడి కూడా వేస్తే డోసు లెక్క తప్పుతుంది. ఇప్పటికే వేస్తుంటే న్యూరాలజిస్టుకు దాచకుండా చెప్పండి.

పరిశోధనకు డబ్బు ఆగిపోతే ఏమవుతుంది? కొన్నాళ్లాగి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు కదా?

రోడ్డు పనైతే ఆపొచ్చు. కంకర అక్కడే ఉంటుంది. ల్యాబులో అలా కుదరదు.

డగ్లస్ ప్రాషర్ అనే ఆయన సముద్రంలో మెరిసే జెల్లీఫిష్‌లోని ఆకుపచ్చ కాంతినిచ్చే ప్రొటీన్ మీద పనిచేసేవాడు. ఆ ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును వేరుచేసి 1992లో ప్రచురించాడు. దాన్ని ఇతర జీవుల కణాల్లో పెడితే కణాలే వెలుగుతాయని ఆయనకు ఆలోచన ఉంది. కానీ గ్రాంటు అయిపోయింది, ఎన్‌ఐహెచ్‌కు పెట్టుకున్న అర్జీ తిరస్కరించారు. చేసేదిలేక ఆ జన్యువును కవర్లలో పెట్టి అడిగినవాళ్లకు పంపేశాడు. అందుకున్నవాళ్లలో ఇద్దరు, మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్, ఆ ప్రొటీన్‌ను మొదట కనుగొన్న షిమోమురాతో కలిసి 2008లో నోబెల్ పంచుకున్నారు. ఆ రోజున ప్రాషర్ అలబామాలోని హంట్స్‌విల్‌లో ఒక కార్ల షోరూమ్‌కి వచ్చే కస్టమర్లను వ్యానులో ఇళ్ల దగ్గర దించే ఉద్యోగం చేస్తున్నాడు. గంటకు ఎనిమిదిన్నర డాలర్లు. చాల్ఫీ, చెన్ సొంత డబ్బుతో ఆయన్నీ ఆయన భార్యనూ స్టాక్‌హోమ్ తీసుకెళ్లారు. తర్వాత చెన్ తన ల్యాబులో ఉద్యోగమూ ఇచ్చాడు.

ఆ ప్రొటీన్‌ను మార్చి మార్చి చేసిన దానితోనే ఇప్పుడు న్యూరాన్ స్పందించినప్పుడల్లా మిణుకుమనేలా చేస్తున్నారు. పైన చెప్పిన ఎలుక సినిమా చూస్తుంటే ఏ న్యూరాన్ స్పందించిందో తెలిసింది దానివల్లే.

అమెరికాలో బ్రెయిన్ ఇనిషియేటివ్ నిధులు సగానికి పడిపోయాయట. ట్రంప్ వచ్చినందుకేనా?

ఆ కోత అంతకుముందుదే. దీన్ని కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే చాలామంది లెక్క చూడకుండా రాజకీయం మాట్లాడుతున్నారు.

ఒబామా 2013 ఏప్రిల్‌లో 10 కోట్ల డాలర్లతో ఈ మెదడు పరిశోధన కార్యక్రమం ప్రకటించాడు. 2016 డిసెంబరులో రెండు పార్టీలూ కలిసి చేసిన చట్టం పదేళ్లకు 151 కోట్ల డాలర్లు దీనికి రాసిపెట్టింది. మంచిదే. కానీ ఏ ఏడాది ఎంతన్నది కూడా ఆ చట్టంలోనే ముందుగా రాసేశారు. 2023కి 45 కోట్లు, 2024కి 17.2 కోట్లు, 2025కి 9.1 కోట్లు. కొండెక్కించి అటువైపు దారి లేకుండా వదిలేసినట్టు. దీనికి తోడు మామూలు బడ్జెట్ నుంచి ఆ మూడేళ్లలోనూ 23 కోట్ల చొప్పున వచ్చాయి. రెండూ కలిపితే 2023లో 68 కోట్లు, 2024లో 40.2 కోట్లు, 2025లో 32.1 కోట్లు. చట్టంలో తగ్గినమేరకు మామూలు బడ్జెట్‌లో పెంచుతారని అందరూ అనుకున్నారు. పెంచలేదు. పదేళ్ల గడువు 2026 వరకే.

2025లో వచ్చిన గొడవ వేరు. ఎన్‌ఐహెచ్ మొత్తం బడ్జెట్‌ను 40 శాతం దాకా తగ్గించాలని ట్రంప్ ప్రభుత్వం ప్రతిపాదించింది. యూనివర్సిటీలకు కరెంటు, భవనాలు, ఆఫీసు ఖర్చుల కింద ఇచ్చే వాటాను 15 శాతానికి మించనివ్వమంది. ఆ రెండోదాన్ని కోర్టు ఆపింది. చాలా గ్రాంట్లు మధ్యలో రద్దయ్యాయి. అక్కడ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) చేస్తున్న మనవాళ్లకు ఇది వీసా సమస్య కూడా. గ్రాంటు పోతే జీతం పోతుంది, జీతం పోతే వీసా గడువు లెక్కపెట్టుకోవాలి.

యూరప్ కూడా పెద్ద ప్రాజెక్టు పెట్టిందిగా?

పెట్టింది. 2013 నుంచి 2023 దాకా, సుమారు 60 కోట్ల యూరోలు. మొదట్లో మనిషి మెదడు మొత్తాన్ని కంప్యూటర్‌లో నడిపిస్తామన్నారు. ఏడాది తిరక్కుండానే వందలమంది న్యూరోసైంటిస్టులు ఇది జరిగే పని కాదని బహిరంగ లేఖ రాశారు. యాజమాన్యం మారింది, లక్ష్యం తగ్గింది. చివరికి మంచి మెదడు అట్లాస్‌లు మిగిలాయి. డబ్బు ఎక్కువున్న చోట మాటలు కూడా పెద్దవే పుడతాయి, ప్రజాధనం వైపు వాదించే నేను ఇది ఒప్పుకోకపోతే తప్పు.

న్యూరాలింక్ లాంటి కంపెనీలున్నాయిగా, ఇక ప్రభుత్వమెందుకు?

న్యూరాలింక్ మొదటి మనిషికి చిప్ పెట్టింది 2024 జనవరిలో. పక్షవాతం వచ్చిన మనిషి మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి కర్సర్ కదిలించే ప్రయోగాలు 2004 నాటికే జరుగుతున్నాయి, తర్వాతి ఏళ్లలో ఎక్కువగా ప్రభుత్వ గ్రాంట్లతో. 2024లోనే కాలిఫోర్నియాలో, ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు వల్ల మాట అర్థంకాకుండా పోయిన ఒకాయనకు 256 ఎలక్ట్రోడ్లతో మాట తిరిగి ఇచ్చారు. ఆయన అనాలనుకున్న మాటల్ని 97 శాతం సరిగ్గా పట్టుకుని, పాత రికార్డింగుల నుంచి తీసుకున్న ఆయన గొంతుతోనే కంప్యూటరు పలికింది. అది యూనివర్సిటీ పని.

కంపెనీల తప్పేం లేదు, వాళ్లకు లాభం కావాలి. మెదడు మందులు ఏళ్లూ పూళ్లూ తీసుకుని చివరికి ఫెయిలవుతాయి. 2018లో ఫైజర్ అల్జీమర్స్, పార్కిన్సన్స్ మందుల అన్వేషణ ఆపేసి 300 ఉద్యోగాలు తీసేసింది.

మన దేశం ఎంత ఖర్చు పెడుతోంది?

పరిశోధన మొత్తానికి, అన్ని శాస్త్రాలకూ కలిపి, జీడీపీలో 0.64 శాతం. 2020-21 లెక్క ఇది, సుమారు 1.27 లక్షల కోట్లు. చైనా 2 శాతం దాటి చాలా కాలమైంది, దక్షిణ కొరియా 5కి దగ్గర్లో ఉంది. మన దగ్గర ప్రైవేటు రంగం వాటా మూడో వంతుకు కాస్త పైన.

2023లో, పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ ఫౌండేషన్ కోసం చట్టం వచ్చింది. అయిదేళ్లలో 50,000 కోట్లన్నారు గానీ, అందులో 36,000 కోట్లు బయటి నుంచి, ముఖ్యంగా కంపెనీల నుంచి రావాలి. 2025 జులైలో కేంద్రం ఒప్పుకున్న లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకం ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక పెట్టుబడి. అప్పు తీసుకుని ఈగ మెదడు పటం ఎవరూ గీయరు కదా.

మెదడుకే ప్రత్యేకంగా హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉంది. దాన్ని నిలబెట్టిన తొలి డైరెక్టర్ విజయలక్ష్మి రవీంద్రనాథ్ చదివింది మన ఆంధ్రా యూనివర్సిటీలో. తర్వాత ఆవిడే బెంగళూరు ఐఐఎస్‌సీలో మరో కేంద్రం మొదలుపెట్టారు. దానికి ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ ట్రస్టు 225 కోట్లు ఇచ్చింది. వాళ్లు కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ మతిమరుపు ఎలా మొదలవుతుందో చూస్తున్నారు. మదనపల్లె పక్కనే, ఇళ్లలో తెలుగు వినిపించే ప్రాంతం. ఐఐటీ మద్రాసు 2024 డిసెంబరులో గర్భస్థ శిశువు మెదడు అట్లాస్‌ను 5,132 పొరల చిత్రాలతో ఉచితంగా అందరికీ తెరిచి పెట్టింది. అక్కడా గోపాలకృష్ణన్ విరాళం ఉంది. ఒక దాత ఇంత చేశాడని సంతోషమే. ఒక దాత మీద ఇంత ఆధారపడ్డామన్నది వేరే సంగతి.

రెండు భాషలు వస్తే మతిమరుపు జబ్బు రాదంటారు, నిజమా?

రాదని కాదు, ఆలస్యంగా బయటపడుతుందని. దీనికి ప్రపంచమంతా చూపించే సాక్ష్యాల్లో ఒకటి హైదరాబాద్‌ది.

నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల రికార్డులు తిరగేసింది. అందులో 391 మందికి రెండో, మూడో భాషలు వచ్చు: తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్. ఒకటే భాష వచ్చినవాళ్లకన్నా వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. 2013లో ప్రచురించారు. కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ ఇచ్చిన డబ్బుతో జరిగిన పని.

ఇదే మాట కెనడావాళ్లు ముందే అన్నారు. కానీ టొరంటోలో రెండు భాషలు వచ్చినవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. మేలు భాష వల్లో, వలస వెళ్లగలిగే మనుషుల ఆరోగ్యం వల్లో తేల్చలేకపోయారు. హైదరాబాద్‌లో అయితే చార్మినార్ దగ్గర పుట్టి పెరిగినవాడికి ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మామూలే. చదువు వల్లనేమో అందామంటే, బడి మొహం చూడనివాళ్లలోనూ తేడా కనిపించింది. కూరగాయల బండి తోసుకుంటూ రెండు భాషల్లో బేరమాడేవాళ్లుండే ఊళ్లోనే ఇది తేలాలి, టొరంటోలో తేలదు. మూడో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు. వేరే దేశాల్లో కొన్ని అధ్యయనాలకు ఇంత తేడా రాలేదని కూడా చెప్పాలి.

2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, తర్వాత ఆలోచనా శక్తి చెక్కుచెదరనివాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక భాషవాళ్లలో 19.6 శాతం.

హైదరాబాద్‌దే ఇంకోటి: ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో వంద మంది భారతీయుల స్కానింగులతో మెదడు అట్లాస్ తయారుచేశారు. అప్పటిదాకా మన స్కానింగులను పోల్చి చూసే కొలబద్ద కెనడాలో, అక్కడి జనం మీద తయారైంది. మన మెదళ్లు సగటున దానికన్నా కొంచెం చిన్నవి. (తెలివితో దీనికి సంబంధం లేదు, కంగారు పడకండి.) మెదడు కుంచించుకుపోయిందని చెప్పాలంటే, మామూలుగా ఎంతుంటుందో తెలియాలి కదా.

మా అమ్మాయి న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. పంపమంటారా?

పంపండి. కానీ లెక్క తెలిసి పంపండి. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన విద్యార్థికిచ్చే ఫెలోషిప్, 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఊరిని బట్టి ఇంటద్దె భత్యం. ఇది కాగితం మీద. నా రెండో ఏడాదిలో అయిదు నెలలు ఫెలోషిప్ పడలేదు. ఫైలు ఎక్కడుందంటే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించేది. మెస్ బాకీ పెరిగిపోయి, సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పాను. ఎలుకలకు మాత్రం ఇవేమీ తెలియవు. ఆదివారమైనా, పండగైనా బోనుల్లో పొట్టు మార్చాలి, నీళ్ల సీసాలు నింపాలి, రోజు లెక్క తప్పకుండా పిల్లల్ని వేరుచేయాలి. మేత కొనడానికి గైడుగారు సొంత కార్డు గీకిన నెలలు రెండున్నాయి. సంక్రాంతికి నేను ఇంటికెళ్లకపోతే, మా అమ్మ ఫోన్‌లో అడిగేది: "ఎలుకలు తిన్నాయా? మరి నువ్వు?"

చనిపోయాక మెదడు దానం చేయొచ్చా?

చేయొచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు ఉంది. జబ్బున్నవాళ్లవే కాదు, ఆరోగ్యంగా ఉండి పోయినవాళ్లవి కూడా కావాలి, పోల్చుకోవడానికి. కళ్ల దానానికి సంతకం చేశాం కదా అనుకోకండి, ఇది వేరు. కుటుంబం ఒప్పుకోవాలి, ఆలస్యం లేకుండా కబురు చేయాలి, కాబట్టి ముందుగానే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. మెదడు తీసిన తర్వాత దేహాన్ని కుటుంబానికి అప్పగిస్తారు, ముఖం చెడదు. మెదడు బ్యాంకుల్లో సాధారణంగా సగాన్ని ఫార్మాలిన్‌లో వేస్తారు, సగాన్ని ముక్కలుగా కోసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. పెట్టె మీద పేరుండదు, నంబరు ఉంటుంది.